రాత్రి ప్రయాణంలో చంటిబిడ్డ ఉన్న కారుకు లోపలి లైటు: వెలుగు, చోటు, రంగు ఎలా ఎంచుకోవాలి

రాత్రిపూట చంటిబిడ్డతో కారులో వెళ్లాల్సినవాళ్లు మొదట అడిగేది రంగు గురించే. ఎరుపు పెట్టాలా, నీలం హాయిగా ఉంటుందా, రంగులు మార్చే ఎల్ఈడీ స్ట్రిప్ (చిన్న దీపాల పట్టీ) కొంటే సరిపోతుందా అని. నిజానికి రంగు మూడో సంగతి. వెలుగు ఎంత ఉందన్నది మొదటిది. అది ఎక్కడి నుంచి ఎటు పడుతోందన్నది రెండోది. ఈ రెండూ కుదరకపోతే ఏ రంగు పెట్టినా డ్రైవరు చూపుకు అడ్డమే, బిడ్డ నిద్రకు చెరుపే.

ఇంకొక మాట కూడా ముందే చెప్పాలి. ఒక్క లైటుతోనే అన్ని పనులూ చేయించాలనుకోవడం వల్ల చాలా ఏర్పాట్లు చెడిపోతాయి. కారు నడుస్తున్నప్పుడు కావాల్సింది ఒక రకం, ఆపి బిడ్డను చూసుకునేటప్పుడు కావాల్సింది మరో రకం. ఇక్కడ మొదటిదాన్ని మసక లైటు అని, రెండోదాన్ని పని లైటు అని పిలుద్దాం.

## 1. కొనడానికి ముందే తేల్చుకోవాల్సినవి

వెనక సీట్లో బిడ్డ పక్కన పెద్దవాళ్లు ఉంటారా? ఉంటే మసక లైటు వాళ్ల కోసమే. గుడ్డ సర్దడానికి, పాలసీసా వెతుక్కోవడానికి, బిడ్డ గడ్డం కిందికి వాలిందేమో చూడడానికి అది చాలు.

డ్రైవరు ఒక్కరే ఉంటే లెక్క మారిపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు వెళుతుంది. రెండు సెకన్లు వెనక్కి చూస్తే 44 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. ఎంత మంచి లైటు పెట్టినా ఆ లెక్క మారదు. ఒంటరి డ్రైవరుకు మసక లైటు దాదాపు అక్కర్లేదు. మంచి పని లైటు, కారు ఆపడానికి అనువైన చోట్ల జాబితా కావాలి.

డ్రైవరు చూపు ఎలాంటిది? ఎరుపు రంగు గుర్తించడంలో లోపం ఉన్నవాళ్లకు ముదురు ఎరుపు చాలా మసగ్గా కనిపిస్తుంది. తెలియకుండానే వెలుగు పెంచేస్తారు. నలభై దాటి దగ్గరి చూపు తగ్గినవాళ్లకు ఎరుపు వెలుగులో అక్షరాలు మరీ అలుక్కుపోతాయి.

మీరుండే చోటి వాహన నిబంధనలు ఏమంటున్నాయి? ముందు వైపుకు ఎర్రటి వెలుగు కనబడడాన్ని, నీలం వెలుగును, మిణుకుమిణుకుమనే లైట్లను చాలా చోట్ల నిషేధించారు. అత్యవసర వాహనాలతో పొరబడే ప్రమాదం ఉండడమే కారణం. లైటు లోపలే ఉన్నా, బయటి నుంచి చూస్తే కనబడితే ఆ నిబంధన వర్తించవచ్చు.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- కారు మాన్యువల్: పైలైటు (పైకప్పు లైటు) స్విచ్చులు, ఎయిర్‌బ్యాగుల చోట్లు, ఫ్యూజుల పట్టిక ఉన్న పేజీలు
- ఒక తెల్ల కాగితం, నల్ల ఇన్సులేషన్ టేపు, ఒక ఫోను
- నిజంగా చీకటిగా ఉండే సురక్షితమైన చోటు, వీధిదీపం పడనిది
- పరీక్షకు తోడుగా మరో మనిషి

## 2. ముందు ఉన్న వెలుగు తగ్గించండి

కొత్త లైటు కొనేముందు ఈ పని చేస్తే చాలామందికి కొనాల్సిన అవసరమే పడకపోవచ్చు.

చీకటిలో కారు ఆపి, ఇంజను నడుస్తుండగా ఇవి వరుసగా చేయండి.

1. డ్యాష్‌బోర్డు వెలుగు తగ్గించే చక్రాన్నో బటన్నో వాడి, స్పీడు అంకెలు తేలిగ్గా చదవగలిగినంత వరకు దించండి.
2. మధ్యలోని స్క్రీనును రాత్రి మోడ్‌లో పెట్టండి. ఆటో అని ఉన్నా నమ్మకండి, చేత్తో దించి చూడండి.
3. కంపెనీ ఇచ్చిన యాంబియంట్ లైటింగ్ (లోపల అలంకారంగా వెలిగే లైట్లు) ఉంటే పూర్తిగా ఆపేయండి. తర్వాత అవసరమైతే దాన్నే మసక లైటుగా వాడుకోవచ్చు.
4. దారి చూపే ఫోను వెలుగు తగ్గించి, స్క్రీను నల్ల నేపథ్యానికి మార్చండి.
5. పైకప్పు లైటు స్విచ్చును డోరు అనే స్థానం నుంచి ఆఫ్‌కు మార్చండి. తలుపు తీయగానే భగ్గున వెలిగే ఈ లైటుకు నిద్రపోతున్న బిడ్డ ఉలిక్కిపడి లేవవచ్చు.

ఇప్పుడు పది నిమిషాలు అలాగే కూర్చోండి. కంట్లో రంగులు చూసే కణాలు చీకటికి అలవాటుపడడానికి సుమారు పది నిమిషాలు పడుతుంది, చీకట్లో పనిచేసే రాడ్ కణాలకైతే 20 నుంచి 30 నిమిషాలు. కారెక్కిన మొదటి నిమిషంలో అసలేమీ కనబడడం లేదు అనిపించి పెట్టిన లైటు, అరగంట తర్వాత కళ్లు పొడుస్తుంది. ఆ పది నిమిషాల తర్వాత కూడా పక్కనున్నవాళ్లకు బిడ్డ కనబడకపోతేనే తర్వాతి మెట్టుకు వెళ్లండి.

## 3. రంగు: ఏది దేనికి

రెండు అంకెలు గుర్తుంటే రంగుల సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. చీకట్లో చూసే రాడ్ కణాలు 507 నానోమీటర్ల దగ్గర, అంటే నీలం కలిసిన ఆకుపచ్చకు, ఎక్కువగా స్పందిస్తాయి. పగలా రాత్రా అన్నది శరీరానికి చెప్పి, నిద్రకు సాయపడే మెలటోనిన్‌ను అణచే కణాలు 480 నానోమీటర్ల దగ్గరి నీలానికి స్పందిస్తాయి. ఈ రెండింటికీ దూరంగా ఉండేవి నారింజ, ఎరుపు.

ఎరుపు, సుమారు 620 నానోమీటర్లు, ఆపైన. రాడ్ కణాలను తక్కువ కదిలిస్తుంది, నిద్రను తక్కువ చెదరగొడుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. దీనికి రెండు లోపాలున్నాయి. మొదటిది, ఎదురు వచ్చే కార్ల హెడ్‌లైట్లు, మన హెడ్‌లైట్లు డ్రైవరు కంటిని పూర్తి చీకటికి అలవాటు పడనివ్వవు. కాబట్టి చీకటి చూపును కాపాడే ఎరుపు గుణం కారులో కొంతవరకే పనికొస్తుంది. రెండోది ఇంతకన్నా పెద్దది: ఎర్ర వెలుగులో ఎర్రవి మాయమవుతాయి. దద్దుర్లు, గీరిన చోటు, డైపరులో నెత్తురు చార, మందు కొలత గ్లాసు మీది ఎర్ర గీతలు ఏవీ కనబడవు. పెదాలు నీలంగా మారినా తెలియదు. ఎర్ర వెలుగులో బిడ్డ ఒంటి రంగు చూసి బాగానే ఉందని అనుకోవద్దు.

తేనె రంగు, బజార్లో ఆంబర్ అని అమ్మేది, సుమారు 590 నానోమీటర్లు. ఎక్కువమందికి మా సలహా ఇదే. నీలం లేదు కాబట్టి నిద్రకు ఇబ్బంది తక్కువ. కంటికి ఎరుపుకన్నా ఎక్కువ ప్రకాశంగా తోస్తుంది కాబట్టి చాలా తక్కువ వెలుగుతోనే పని నడుస్తుంది. బిడ్డ ముఖం ఆకారం, బట్టల అంచులు, బెల్టు బకిల్ తెలుస్తాయి. ఒంటి రంగు మాత్రం దీంట్లోనూ సరిగా తెలియదు.

ఆకుపచ్చ. అతి తక్కువ వెలుగుతో ఎక్కువ కనబడేది ఇదే. కానీ అద్దాల మీద పడే ప్రతిబింబం కూడా అంతే బాగా కనబడుతుంది. బిడ్డ ముఖం పాలిపోయినట్టు తోచి పెద్దవాళ్లు ఊరికే కంగారుపడతారు. వద్దు.

నీలం, ఊదా, గులాబీ. నిద్రకు నీలమంత చెడ్డది మరోటి లేదు. కంటి లోపల ఎక్కువగా చెదిరి, అంచులను మసకబారుస్తుంది. ఊదాలో, స్ట్రిప్ ఇచ్చే గులాబీలో కూడా నీలం కలిసే ఉంటుంది, చూపుకు మెత్తగా ఉన్నా సరే. నీలం వెలుగు డ్రైవరును మేల్కొల్పి ఉంచుతుందని కొందరు పెడతారు. నిద్ర ముంచుకొస్తుంటే ఆ పని ఏ లైటూ చేయలేదు, కారు ఆపాల్సిందే.

తెలుపు. పని లైటుకు ఇదే కావాలి. అందులోనూ 2700 కెల్విన్ దగ్గరి వెచ్చని తెలుపు, రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే సూచిక (CRI) 90 పైన ఉన్నది. 4000 నుంచి 6500 కెల్విన్ చల్లని తెలుపులో నీలం ఎక్కువ.

బిడ్డ మరీ చిన్నదైతే, అంటే రెండు మూడు నెలలు నిండకముందు, మెలటోనిన్ లయ ఇంకా కుదురుకోదు. ఆ వయసులో రంగుకన్నా హఠాత్తుగా పడే వెలుగే ఎక్కువ ఇబ్బంది. తర్వాత రంగు కూడా ముఖ్యమవుతుంది.

## 4. ఏ రకం లైటు కొనాలి

కంపెనీ ఇచ్చిన యాంబియంట్ లైటు ఉంటే ముందు దాన్నే ప్రయత్నించండి. వైర్లు, ఎయిర్‌బ్యాగులు, వేడి లాంటి చిక్కులన్నీ తయారీలోనే తీరిపోయి ఉంటాయి. నారింజకు మార్చి అతి తక్కువ మెట్టులో పెట్టి, ముందు భాగం ఆపి వెనకది మాత్రం ఉంచే వీలుందేమో మెనూలో చూడండి. డ్రైవ్ మోడ్ మార్చగానే రంగు దానంతటదే మారే అమరిక ఉంటే తీసేయండి.

యూఎస్‌బీ మీద నడిచే చిన్న లైటు చాలామందికి సరైన దారి. వైరు పని లేదు, పీకితే ఆరిపోతుంది. వెలుగు సన్నగా తగ్గించే గుండీ దానిమీదే ఉండాలి.

బ్యాటరీ లైటు కొంటే బటన్ బ్యాటరీ ఉన్నవాటి దగ్గర జాగ్రత్త. బిడ్డ మింగితే బటన్ బ్యాటరీ రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మూత స్క్రూతో బిగించేది కాకపోతే కారులో పెట్టొద్దు. ఇంట్లో పెద్ద పిల్లలుంటే ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. మింగినట్టు అనుమానం వచ్చినా ఏడుపు కోసమో నొప్పి కోసమో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్ కొనేవాళ్లు చేసే పెద్ద తప్పు పొడవు. మీటరుకు 60 దీపాలుండే మామూలు స్ట్రిప్ ఒక మీటరు కొన్ని వందల ల్యూమెన్లు ఇస్తుంది, అంటే చిన్న గదికి సరిపడా వెలుగు. మసక లైటుకు కావాల్సింది ఒకటి నుంచి ఐదు ల్యూమెన్లు. ఈ స్ట్రిప్‌ను మూడేసి దీపాల దగ్గర, అంటే ప్రతి 5 సెంటీమీటర్లకు, గుర్తు ఉన్నచోట కత్తిరించవచ్చు. ఒక్క ముక్క చాలు, దానికి కూడా డిమ్మర్ (వెలుగు తగ్గించే పరికరం) కావాలి.

ఆర్‌జీబీ స్ట్రిప్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి రంగులిచ్చేది) అయితే రంగును అంకెల్లో పెట్టండి: ఎరుపు 255, ఆకుపచ్చ 60 నుంచి 90, నీలం 0. ఇది తేనె రంగుకు దగ్గరగా వస్తుంది. యాప్‌లో వెచ్చని తెలుపు అని పేరు పెట్టిన రంగు వాడొద్దు, దాన్ని మూడు రంగులూ కలిపి చేస్తారు, నీలం ఉంటుంది.

అమ్మేచోటే లేదా ఇంటికి తెచ్చిన వెంటనే చేయాల్సిన మూడు పరీక్షలు:

- జ్ఞాపకం పరీక్ష. రంగు, వెలుగు పెట్టి, కరెంటు పదిసార్లు తీసి ఇవ్వండి. ఒక్కసారైనా తెల్లగా గానీ, రంగులు మారుతూ గానీ మొదలైతే తిరిగి ఇచ్చేయండి. ఇంజను ఆపి తీసిన ప్రతిసారీ బిడ్డ ముఖం మీద రంగుల పండగే అవుతుంది.
- మిణుకు పరీక్ష. వెలుగు అతి తక్కువకు దించి ఫోను కెమెరాలో చూడండి. అడ్డ చారలు కదులుతుంటే డిమ్మర్ నాసిరకం. చూపు అటూ ఇటూ తిప్పినప్పుడు చుక్కల వరుసలా కనబడి డ్రైవరు ధ్యాసను లాగుతుంది.
- అతి తక్కువ వెలుగు పరీక్ష. చీకటి గదిలో అతి తక్కువ మెట్టు పెట్టి, అర మీటరు దూరంలో పుస్తకం తెరవండి. మామూలు అక్షరాలు హాయిగా చదవగలిగితే కారుకు అది ఎక్కువే.

పాటకు తగ్గట్టు వెలిగే మోడ్ ఉన్నవాటిలో దాన్ని శాశ్వతంగా ఆపే వీలుండాలి. బిడ్డ ఏడుపుకు కూడా అది ఎగిరెగిరి వెలుగుతుంది.

## 5. ఎక్కడ పెట్టాలి

బిడ్డ సీటు వెనకకు తిరిగి ఉంటుంది. అంటే బిడ్డ కళ్లు వెనక సీటు ఆనుడు వైపు, వెనక అద్దం వైపు, పైకప్పు వైపు ఉంటాయి. పైకప్పు లైటు నేరుగా కళ్లలో పడుతుంది. ముందు సీటు వెనక భాగానికి పెట్టిన లైటేమో బిడ్డ సీటు డొప్పకు తగిలి ఆగిపోతుంది, ముఖం దగ్గరికి చేరదు. లైటు కొన్నవాళ్లలో చాలామంది ఇక్కడే తికమకపడి, వెలుగు పెంచుకుంటూ పోతారు.

పనిచేసే చోటు ఇది: వెనక సీటు కుషను కింది అంచున, బిడ్డ సీటుకు అవతలి వైపు, పక్కన కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గర. లైటు ముఖం నేల వైపు గానీ తలుపు కింది భాగం వైపు గానీ తిప్పండి. నేరుగా కాకుండా తలుపు మీద పడి తిరిగొచ్చే వెలుగే బిడ్డ దగ్గరికి మెత్తగా చేరుతుంది. తలుపు లోపలి రంగు నల్లగా ఉంటే తెల్ల గుడ్డ ముక్కను లైటు ఎదుట అతికిస్తే ఆ తేడా పూడుతుంది.

పెట్టకూడని చోట్లు:

- పైకప్పు అంచులు, కిటికీ పక్క స్తంభాలు, సీటు బయటి పక్క. అక్కడ ఎయిర్‌బ్యాగులు ఉండొచ్చు. విచ్చుకునేటప్పుడు లైటు రాయిలా దూసుకొస్తుంది.
- బిడ్డ సీటు, దాని బెల్టులు, పట్టీలు. సీటు తయారీదారు ఆమోదించనిది దేన్నీ వాటికి తగిలించవద్దు.
- వెనక తలదిండు మీద బరువైనది ఏదైనా.
- వెనక అద్దం కింద అరలాగా ఉండే చోటు. అక్కడి వెలుగు వెనక అద్దాన్ని లోపలి వైపు నిలువుటద్దంలా మార్చి, వెనక వచ్చే వాహనాలను దాచేస్తుంది. అద్దానికి ఫిల్ము ఉంటే మరీ ఎక్కువ.

వెనక సీటుకు తగిలించి, డ్రైవరు లోపలి అద్దంలోంచి బిడ్డను చూసే చిన్న అద్దం గురించి ఒక మాట. డ్రైవరు లోపలి అద్దాన్ని రాత్రి స్థానానికి తిప్పితే ప్రతిబింబం బాగా తగ్గిపోతుంది, అప్పుడు మసక లైటులో బిడ్డ కనబడదు. కనబడాలని కొందరు లోపలి అద్దాన్ని తిరిగి పగటి స్థానంలో పెడతారు. దాంతో వెనక కార్ల హెడ్‌లైట్లు కళ్లలోకి కొడతాయి. రాత్రి బిడ్డను చూసే అద్దం మీద ఆశ వదులుకోవడమే మంచిది.

## 6. బిగించే వరుస

1. తుడవండి. అతికించే చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. టేపును 30 సెకన్లు గట్టిగా అదిమి, 24 గంటలు లాగకుండా వదిలేయండి. గుడ్డ మీద టేపు నిలవదు, వెల్క్రో వాడండి.
2. వైరు దారి చూడండి. వైరు సీటు జరిగే పట్టాల మధ్య, సీటు మడత కీళ్లలో పడకూడదు. ప్రతి 15 సెంటీమీటర్లకు క్లిప్పు వేయండి. బిడ్డ చేయి చాపినా, పెద్ద పిల్లలు లాగినా అందని చోటే వైరు ఉండాలి. వేలాడే వైరు మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.
3. కరెంటు ఇవ్వండి. యూఎస్‌బీ సాకెట్ చాలు. ఫ్యూజు పెట్టె నుంచే తీయాలంటే తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వలయం (సర్క్యూట్) ఎంచుకుని, ఫ్యూజు ట్యాప్‌లో 1 లేదా 2 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. ఎయిర్‌బ్యాగు, బ్రేకులు, ఇంజను కంప్యూటరు వలయాల జోలికి వెళ్లొద్దు. ఈ వాక్యాల్లో ఏదైనా కొత్తగా అనిపిస్తే ఎలక్ట్రీషియన్‌కు అప్పగించండి.
4. స్విచ్చు పక్కన కూర్చునేవాళ్లకు అందేలా పెట్టండి. డ్రైవరు చేయి చాపి వెతుక్కునే చోట కాదు.
5. పైలైటు బల్బు మార్చాలనుకుంటే దాన్నే పని లైటుగా చేసుకోవచ్చు. పాత బల్బు చల్లారేదాకా ఆగండి. కొలత, మొన రకం పాతదానితో పోల్చే కొనండి. పొడుగు బల్బుల్లో 31, 36, 39, 41 మిల్లీమీటర్లవి చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కొత్త ఎల్ఈడీ వెలగకపోతే అటుదిటు తిప్పి పెట్టండి, ఎల్ఈడీకి ప్లస్ మైనస్ తేడా ఉంటుంది.

## 7. వెలుగు ఎంత ఉండాలో తేల్చే మూడు పరీక్షలు

ఇంజను నడుస్తుండగానే చేయండి. ఇంజను నడిచేటప్పుడు కారు వోల్టేజి 13.5 నుంచి 14.5 దాకా ఉంటుంది. ఆపి ఉన్నప్పుడు సరిపెట్టిన స్ట్రిప్ బయలుదేరాక ఎక్కువ వెలుగుతుంది.

డ్రైవరు పరీక్ష. డ్రైవరు తన సీట్లో కూర్చుని, హెడ్‌లైట్లు వేసి, ముందుకు చూస్తుండాలి. వెనకనున్నవారు చెప్పకుండా లైటును ఐదారుసార్లు వేసి తీయాలి. ఎప్పుడు వేశారో డ్రైవరు చెప్పగలిగితే వెలుగు ఎక్కువైనట్టే. తల పక్క కిటికీ వైపు తిప్పి, బయటి అద్దాలు చూస్తూ మళ్లీ చేయండి. ముందు అద్దం మీద ఏమీ లేకపోయినా, పక్క కిటికీలో బొట్టులా మెరిసే సందర్భాలు ఎక్కువ. మూడు పరీక్షల్లో దీనిదే చివరి మాట. మిగతా రెండూ కుదిరి ఇది కుదరకపోతే లైటు తీసేయండి.

బిడ్డ పరీక్ష. ఫోనును బిడ్డ ముఖం ఉండే చోట, బిడ్డ చూసే దిక్కున పట్టి ఫోటో తీయండి. లైటు చుక్క నేరుగా కనబడితే చోటు మార్చండి. వెలిగే గోడ కనబడవచ్చు, వెలిగే దీపం కనబడకూడదు.

పక్కవారి పరీక్ష. చీకట్లో పది నిమిషాలు కూర్చున్నాక, అర మీటరు దూరం నుంచి తెల్ల కాగితం మడత అంచు, బెల్టు బకిల్ ఆకారం తెలియాలి. బిడ్డ ఉన్నప్పుడైతే ఛాతీ కదలిక, గడ్డం ఛాతీకి ఆనిందా లేదా అన్నది తెలియాలి. అంతకు మించి అక్కర్లేదు.

డిమ్మర్‌ను పూర్తిగా దించినా ఎక్కువగానే ఉంటే లైటు మీద తెల్ల మాస్కింగ్ టేపు ఒక్కో పొర వేస్తూ పోండి. అప్పటికీ తగ్గకపోతే నల్ల టేపుతో మూసి, సన్నని చీలిక మాత్రం వదలండి. వేడెక్కే లైటైతే ఇలా మూయకండి.

## 8. ప్రయాణంలో

బయలుదేరేముందు పాలసీసా, తుడిచే గుడ్డ, డైపరు, మందు ఎప్పుడూ ఒకే చోట, ఒకే వరుసలో పెట్టుకోండి. చేతికి అలవాటైన చోట వస్తువు ఉంటే లైటే అక్కర్లేదు. ఇది ఏ స్ట్రిప్‌కన్నా బాగా పనిచేస్తుంది.

వీధిదీపాలున్న ఊళ్లో మసక లైటు ఆపే ఉంచండి. చీకటి రోడ్డు మీద అవసరమైనప్పుడే వేసి, పని కాగానే తీసేయండి.

రెండు గంటలకు మించకుండా ఆపాలి, మరీ పసికందైతే ఇంకా ముందే. బిడ్డను సీటు నుంచి బయటికి తీయడానికి కూడా ఆ ఆపడం కావాలి. రోడ్డు అంచున కాక, వాహనాలు ఆపే చోట ఆపండి. తర్వాత:

- పని లైటును ముందు నేల వైపు తిప్పి వేయండి, నెమ్మదిగా బిడ్డ పొట్ట మీదికి తెండి. కళ్ల మీదికి వద్దు.
- పెదాల రంగు, ముఖం రంగు, మెడ దగ్గర చెమట, బెల్టు బిగువు, గడ్డం స్థానం చూడండి.
- మందు కొలవాలంటే ఈ తెల్ల వెలుగులోనే కొలవండి.
- పని అయ్యాక లైటు తీసి, డ్రైవరు ఒకటి రెండు నిమిషాలు ఆగి బయలుదేరాలి. తెల్ల వెలుగు చూసిన కంటికి ఆ మాత్రం సమయం కావాలి.

వెలుగు పడకుండా బిడ్డ సీటు మీద గుడ్డ కప్పే అలవాటు మానండి. గాలి ఆడదు, లోపల వేడెక్కుతుంది, బిడ్డ కనబడదు. వెలుగు ఎక్కువైతే లైటు తగ్గించాలి.

## 9. తరచూ వచ్చే ఇబ్బందులు, మార్గాలు

లైటు తీసినా సన్నగా వెలుగుతూనే ఉంది. కొన్ని కార్లు బల్బు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి కొద్దిపాటి కరెంటు పంపుతుంటాయి. పాత బల్బుకు అది చాలదు, ఎల్ఈడీకి చాలు. కార్ల కోసం రెసిస్టర్‌తో కలిపి చేసిన ఎల్ఈడీ వేయండి. అది కొంచెం వేడెక్కుతుంది కాబట్టి ప్లాస్టిక్ మూతకు ఆనకుండా చూడండి.

లైటు వేయగానే బిడ్డ లేస్తోంది. తరచూ రంగు కారణం కాదు, ఉన్నట్టుండి మారడమే కారణం. నెమ్మదిగా పెరిగే డిమ్మర్ వాడండి, లేదా చేత్తో మూసి వేసి మెల్లగా చేయి తీయండి. స్విచ్చు చప్పుడుకు లేచే బిడ్డలూ ఉంటారు, టిక్కుమనే స్విచ్చుంటే మార్చండి.

ఎరుపు పెట్టినా డ్రైవరుకు ఇబ్బందిగా ఉంది. వెలుగు ఎక్కువగా ఉంది, లేదా లైటు చూపు పరిధిలో ఉంది. రంగు మార్చకముందు ఈ రెండూ సరిచేయండి.

ఎండలో నిలిపాక టేపు ఊడిపోయింది. మూసిన కారులో ఎండకు డ్యాష్‌బోర్డు దగ్గర 60 డిగ్రీలు దాటవచ్చు. వెల్క్రోకో క్లిప్పుకో మారండి. పవర్‌బ్యాంకును, రీఛార్జి లైటును ఎండలో నిలిపిన కారులో వదలకండి.

అత్యవసరంలో వెలుగు చాలలేదు. ఫోను టార్చ్ చల్లని తెలుపు, కళ్లకు గుచ్చుకుంటుంది. బిడ్డకు ఊపిరాడనట్టు అనుమానం వస్తే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి, కారు ఆపి, ఉన్న వెలుగంతా వేయండి.

## 10. బయలుదేరే ముందు చూసుకునే జాబితా

- పైలైటు స్విచ్చు ఆఫ్‌లో ఉంది
- మసక లైటు గతసారి పెట్టిన రంగు, వెలుగుతోనే వెలుగుతోంది
- పని లైటు ఛార్జి అయ్యి, అందే చోట ఉంది, దొర్లిపోకుండా సంచిలో ఉంది
- బ్యాటరీ మూతల స్క్రూలు బిగువుగా ఉన్నాయి
- క్లిప్పులు ఊడలేదు, వైరు బిడ్డకు అందడం లేదు
- కిటికీల్లో, బయటి అద్దాల్లో మెరుపు లేదు
- ఆపే చోట్లు ముందే అనుకున్నారు

బిడ్డ సీటును ముందుకు తిప్పిన రోజు 5వ, 7వ మెట్లు మళ్లీ మొదటి నుంచి చేయాలి. అప్పటిదాకా డొప్ప చాటున ఉన్న బిడ్డ కళ్లకు ఇప్పుడు డ్యాష్‌బోర్డు స్క్రీను నేరుగా కనబడుతుంది, చేతులకు స్విచ్చు కూడా అందుతుంది. డ్రైవరు మారినా, ఎత్తు తేడా ఉంటే ప్రతిబింబాలు మారతాయి కాబట్టి డ్రైవరు పరీక్ష ఒక్కసారి చేసుకుని బయలుదేరండి.